ఈగల్లో నరాల కణాల్ని కాపాడిన ఎంజైము మా నాన్నకు పనికొస్తుందా?

కనిగిరి వైపు నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి అరవై ఒకటి. రెండేళ్లుగా పార్కిన్సన్స్, ఒంగోలులో న్యూరాలజిస్టు రాసిచ్చిన మందులు వాడుతున్నారు. "డీఎన్‌ఏను రిపేర్ చేసే ఒక ఎంజైమును సరిచేస్తే పండ్ల ఈగల్లో నరాల కణాలు చావకుండా ఆగాయని వార్త చూశాను. ఇంతలో మా బంధువు ఒకాయన డీఎన్‌ఏ రిపేర్ క్యాప్సూళ్లు అంటూ ఫొటోలు పంపిస్తున్నాడు, డబ్బా నాలుగున్నర వేలు. వాడించొచ్చా? అసలు ఈగకూ మనిషికీ పోలికేంటి? మా ఇంట్లో అరటిపళ్ల మీద ముసిరేవి కూడా ఆ ఈగలేనా?"

ముందు సూటిగా: ఈగల సంగతి నిజమే. క్యాప్సూళ్లు మాత్రం కొనకండి. ఈగల్లో రిపేర్ ఎంజైములను పెంచితే కొన్నిసార్లు న్యూరాన్లు, అంటే నరాల కణాలు, ఎక్కువ కాలం పనిచేశాయి. కొన్నిసార్లు ఈగలే తొందరగా చచ్చిపోయాయి. ఇంకో ఎంజైము ఉంది, దాన్ని తీసేస్తేనే న్యూరాన్లు బాగుపడ్డాయి. ఏ ఎంజైము, ఎంత, ఏ కణంలో, ఏ వయసులో అన్నదాన్ని బట్టే ఫలితం. డబ్బా మీద "డీఎన్‌ఏ రిపేర్" అని రాసినాయనకు ఈ నాలుగింట్లో ఒక్కటీ తెలిసుండదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది నెల్లూరు. పీహెచ్‌డీ, ఆ తర్వాతి కొలువు కలిపి పదేళ్లకు పైగా ఈగల ల్యాబుల్లో గడిపి, తిరిగొచ్చి ఇక్కడ జువాలజీ పాఠాలు చెప్తున్నాను. డాక్టర్ని కాను. కాబట్టి ఈగల గురించి ధైర్యంగా మాట్లాడతాను, మీ నాన్నగారి మందుల దగ్గర నోరు అదుపులో పెట్టుకుంటాను.

ఈగే ఎందుకంటారా? దాని తల గసగసం గింజంత. అందులో సుమారు 1,40,000 న్యూరాన్లున్నాయి. వాటిలో ఏది దేనికి కలిసి ఉందో మొత్తం మ్యాపు 2024లో అచ్చయింది. మన మెదడులో దాదాపు 8,600 కోట్లు. అంత తేడా ఉన్నా, ఒక్క న్యూరాన్‌ను పక్కకు తీసి లోపల చూస్తే పనిముట్లు చాలావరకు ఒకటే. నరాల కణాలు కబురు పంపుకోవడానికి వాడే డోపమైన్ అనే రసాయనం ఈగకూ ఉంది, మనకూ ఉంది. పార్కిన్సన్స్‌లో చచ్చేవి ముఖ్యంగా దాన్ని తయారుచేసే కణాలే. మనుషుల్లో జబ్బులు తెచ్చే జన్యువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఈగలో జోడీ దొరుకుతుంది. పైగా 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి పది రోజులు చాలు. బతికేది రెండు నెలలు, కాస్త అటూ ఇటూ. మనిషిలో ఇరవై ఏళ్లు పట్టే చెడును నెలన్నరలో కళ్లారా చూడొచ్చు.

చిన్న వయసులో వంశపారంపర్యంగా వచ్చే పార్కిన్సన్స్‌కు కారణమయ్యే జన్యువుల్లో పార్కిన్, పింక్1 అనేవి రెండు. రెండూ ఈగలో ఉన్నాయి. అవి చెడిపోయిన ఈగ వీపు మీద సొట్ట పడి ఉంటుంది. రెక్కలు వాలిపోయో, పైకి లేచిపోయో వంకరగా నిలబడతాయి. ఎగరలేదు. పింక్1 ముందు, పార్కిన్ తర్వాత, రెండూ ఒకే వరసలో పనిచేస్తాయని 2006లో తేలింది ఈగల్లోనే. పార్కిన్సన్స్ వచ్చిన మెదడులో ముద్దకట్టే ఆల్ఫా సైన్యూక్లిన్ అనే మరో ప్రోటీన్ ఈగకు సొంతంగా లేదు. 2000లో ఫీనీ, బెండర్ అనే ఇద్దరు మనిషి జన్యువునే ఈగలో పెట్టి, డోపమైన్ కణాలు పోవడం, ఈగ పైకి ఎక్కలేకపోవడం చూపించారు.

ఎక్కడం అన్నాను కదా, దాన్ని కొంచెం చూపిస్తాను. గాజు గొట్టంలో ఇరవై ఈగలుంటాయి. అడుగు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర స్కెచ్ పెన్నుతో గీత. పాత మౌస్ ప్యాడ్ మీద గొట్టాన్ని మూడుసార్లు టక్ టక్ టక్ మని కొడితే అన్నీ అడుక్కి రాలిపోతాయి. పది సెకన్లలో ఎన్ని గీత దాటాయో లెక్కపెట్టాలి, అంతే. కిందికి పడితే పైకి ఎక్కడం ఈగ నైజం. వారం వయసున్న మంచి ఈగలు మనం గడియారం చూసేలోపే మూత దగ్గరుంటాయి. పార్కిన్ చెడినవి రెండు సెంటీమీటర్లు ఎక్కి, జారి, వెల్లకిలా పడి, కాళ్లు గాల్లో ఆడించి, లేచి, ముందుకాళ్లతో ముఖం తుడుచుకుని మళ్లీ మొదలుపెడతాయి. మొదటిసారి చూసిన రోజు నాకు మా పెద్దనాన్న గుర్తొచ్చాడు. ఆయనకూ అదే జబ్బు. కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూలబడేవాడు.

సరే, డీఎన్‌ఏ సంగతికొద్దాం.

డీఎన్‌ఏ రాయి మీద చెక్కిన శాసనం లాంటిదని చాలామంది అనుకుంటారు. కాదు. కణంలోని నీరు, మనం పీల్చే ఆక్సిజన్, రెండూ దాన్ని రోజూ కొరుకుతూనే ఉంటాయి. ఒక్కో కణంలో రోజుకు వేలల్లో దెబ్బలు తగులుతాయి. ఇది ముందు గట్టిగా చెప్పినవారిలో టోమస్ లిండాల్ ఒకరు. ఆయనకు, పాల్ మోద్రిచ్‌కు, అజీజ్ సాంజార్‌కు కలిపి 2015లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చింది డీఎన్‌ఏ రిపేర్ పనికే.

న్యూరాన్‌కు ఇందులో రెండు కష్టాలు. మెదడు బరువు ఒంట్లో రెండు శాతం, తాగే ఆక్సిజన్ ఇరవై శాతం దాకా. అంటే దెబ్బలు ఎక్కువ. రెండోది, న్యూరాన్ ఇక విభజన చెందదు. చర్మంలో కణం పాడైతే రాలిపోయి కొత్తది వస్తుంది. న్యూరాన్ మన చిన్నప్పటిదే. మీ నాన్నగారి మెదడులో పనిచేస్తున్న కణాలకూ దాదాపు ఆయన వయసే, ఆ డీఎన్‌ఏను అన్నేళ్లూ అతుకులేసుకుంటూ నెట్టుకొచ్చాయి.

ఆ అతుకు ఎలా పడుతుందో చెప్పడానికి నేను క్లాసులో వెంకటగిరి మగ్గం సంగతి చెప్తాను. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మొన్నటిదాకా మా జిల్లాలోదే. మా పిన్నమ్మ ఇల్లు మగ్గాల వీధిలో. పడుగులో ఒక పోగు మరకపడి పాడైందనుకోండి. ఒకరు ఆ ముక్కను కత్తిరించాలి. ఒకరు కొసలను సరిచేయాలి. ఒకరు కొత్త నూలు పెట్టాలి. ఒకరు ముడి వేయాలి. డీఎన్‌ఏలోనూ అంతే. ఆక్సిజన్ దెబ్బకు గ్వానిన్ అనే అక్షరం 8-ఆక్సోగ్వానిన్‌గా మారుతుంది. ఓజీజీ1 అనే ఎంజైము దాన్ని పట్టుకుని పీకేస్తుంది. ఏపీ ఎండోన్యూక్లియేజ్ అనే ఇంకో ఎంజైము ఆ ఖాళీ దగ్గర పోగు తెంపుతుంది. తెగిన కొసలు చెడి ఉంటే పీఎన్‌కేపీ లాంటివి వాటిని అతుక్కునేలా చేస్తాయి. పాలిమరేజ్ కొత్త అక్షరం పెడుతుంది, లైగేజ్ ముడి వేస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. కత్తిరించేవాళ్లను మాత్రం పదిమందిని పెట్టి, ముడి వేసేవాళ్లను ఇద్దరితో సరిపెడితే ఏమవుతుంది? మరకతోనైనా నిలబడి ఉన్న పోగులన్నీ తెగి వేలాడతాయి. ఒక్క ఎంజైమును పెంచడమంటే రిపేర్‌ను పెంచడం కాదు. మొదటి మెట్టును పెంచి చివరి మెట్టును వదిలేస్తే అసలు దెబ్బ కంటే రిపేరే ప్రమాదం.

ఇది ఊహ కాదు. 2015లో రష్యా పరిశోధకులు ఈగల్లో రకరకాల రిపేర్ జన్యువులను ఒక్కొక్కటిగా పెంచి, ఆయుష్షు, వేడిని, ఆకలిని తట్టుకునే శక్తి కొలిచారు. ఫలితాలు కిచిడీ. నాకు బాగా గుర్తుండిపోయింది ఒకటుంది. న్యూరాన్లలో పుట్టుక నుంచీ నిరంతరం పెంచితే మొత్తం మీద చెడే జరిగింది. అవే న్యూరాన్లలో, పెద్ద ఈగ అయ్యాక మాత్రమే స్విచ్ వేస్తే కొన్ని జన్యువులు మేలు చేశాయి. జన్యువు అదే, కణం అదే, వేళ మాత్రమే మారింది. పైగా మగ ఈగలకూ ఆడ ఈగలకూ తేడా.

ఇక ఒక ఎంజైమును తీసేస్తేనే బాగుపడ్డాయన్నాను. అది పార్ప్. డీఎన్‌ఏ ఎక్కడ తెగిందో ముందు పసిగట్టి, అక్కడ జెండా పాతి మిగతావాళ్లను పిలిచేది ఇదే. మంచి పనే. కానీ జెండా పాతిన ప్రతిసారీ అది ఎన్ఏడీ అనే పదార్థాన్ని ఖర్చుపెడుతుంది. కణం తిండిని శక్తిగా మార్చుకోవడానికీ ఆ ఎన్ఏడీయే కావాలి. దెబ్బలు తక్కువున్నంత కాలం ఇబ్బంది లేదు. పార్కిన్ చెడిన ఈగలో కణానికి శక్తి తయారుచేసి పెట్టే మైటోకాండ్రియాలు ముందే కుంటుతున్నాయి, పార్ప్ ఏమో ఆపకుండా జెండాలు పాతుతూనే ఉంది. ఇంట్లో పొయ్యి వెలిగించడానికి కట్టెల్లేవు, ఉన్న కట్టెలన్నీ దండోరా వేసేవాడు కాగడాలకు ఎత్తుకుపోయాడు. 2016లో ఇంగ్లండ్‌ బృందం ఒకటి పార్కిన్ ఈగల్లో పార్ప్ జన్యువును కూడా చెడగొట్టి చూసింది. మైటోకాండ్రియాలు మెరుగుపడ్డాయి, డోపమైన్ కణాలు నిలిచాయి. ఆ తర్వాత పింక్1 ఈగల్లోనూ ఎన్ఏడీని నింపే దారులు మేలు చేశాయని చూపించారు. అంటే ఇక్కడ న్యూరాన్‌ను కాపాడింది రిపేర్ ఎంజైము లేకపోవడం. "డీఎన్‌ఏ రిపేర్‌ను పెంచే" క్యాప్సూల్ నిజంగా పనిచేస్తే గనక ఏ వైపు పనిచేస్తుందో మీరే చూడండి.

ఇదే గొడవ డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగినప్పుడు కూడా. 2012లో, అల్జీమర్స్ లాంటి జబ్బుల్లో పేరుకునే టావ్ అనే ప్రోటీన్ పెట్టిన ఈగల్లో, డీఎన్‌ఏ తెగిందని కణాన్ని హెచ్చరించే ఏటీఎం లాంటి జన్యువులను తగ్గిస్తే న్యూరాన్ల చావు ఎక్కువైందని ఒక బృందం రాసింది. అంటే హెచ్చరిక మంచిదే. 2019లో ఇంకో బృందం, తెగిన చోటును మొదట గుర్తించే ప్రోటీన్ల గుంపును తగ్గిస్తే మూడు రకాల జబ్బు ఈగల్లో మేలు కనిపించిందని రాసింది. అంటే హెచ్చరికే చెడ్డది. ఎవరిది తప్పు? నా లెక్కలో ఎవరిదీ కాదు. దెబ్బ చిన్నదైతే కేకలు వేయకుండా ఊరుకోవడం న్యూరాన్‌కు మేలు, పెద్దదైతే కేక వేయకపోవడం ముప్పు. ఆ గీత ఎక్కడుందన్నదే ఈ రంగంలో ఇప్పుడు నడుస్తున్న పోట్లాట. వార్తల్లో ఇందులోంచి ఒక సగమే వస్తుంది.

న్యూరాన్ పక్కనుండే గ్లియా కణాల మాట చాలామంది మర్చిపోతారు. ఏటీఎం జన్యువు పుట్టుకతోనే చెడిన పిల్లలకు నడక తూలుతుంది, చిన్న వయసులోనే చిన్నమెదడు దెబ్బతింటుంది. ఈగలో ఆ ఏటీఎంను గ్లియాలో మాత్రమే తగ్గిస్తే, గ్లియా శత్రువు ఎవరో లోపలికొచ్చినట్టు రోగనిరోధక ఆయుధాలు బయటికి తీస్తుంది. చచ్చేది మాత్రం పక్కనున్న న్యూరాన్. తప్పు ఒకరిది, దెబ్బ ఇంకొకరికి.

మీరు చదివిన వార్త బహుశా పీఎన్‌కేపీ గురించి అయ్యుంటుంది. టెక్సస్‌లోని పరిశోధకులు హంటింగ్టన్ అనే వంశపారంపర్య మెదడు జబ్బు మీద చేసిన పని. హంటింగ్టన్‌లో పీఎన్‌కేపీ ఎంజైము ఉంటుంది గానీ పని చేయదు. దానికి తోడుండాల్సిన ఒక చిన్న పదార్థం, ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేట్, తగ్గిపోతుంది. దాన్ని తిరిగి అందిస్తే ఎంజైము మళ్లీ పనిలోకి దిగింది, హంటింగ్టన్ ఈగలు మెరుగ్గా కదిలాయి. నాకు చాలా నచ్చిన పని, ఎందుకంటే వాళ్లు ఎంజైమును గుడ్డిగా పెంచలేదు. పగ్గం ఎక్కడ తెగిందో చూసి అక్కడే కట్టారు. కానీ రెండు మాటలు. హంటింగ్టన్ వేరు, పార్కిన్సన్స్ వేరు. ఇంకోటి, ఫ్రక్టోజ్ అన్నారు కదా అని పండ్లరసాలూ తేనే మొదలుపెట్టకండి, ఆ అనుమానంతో ఇప్పటికే ఇద్దరు నన్నడిగారు. ఆ పదార్థం కణం తనలో తానే తయారుచేసుకునేది. దాన్ని తెచ్చి తినిపించినా తనంతట తాను కణం పొర దాటి లోపలికి పోలేదు.

క్యాప్సూల్ విషయం కూడా అంతే. ఎంజైమంటే ప్రోటీన్. మింగితే కోడిగుడ్డు తెల్లసొన అరిగినట్టే అరిగిపోతుంది. అరగకుండా రక్తంలోకి పోయిందనుకున్నా మెదడు గడప దాటాలి, న్యూరాన్ పొర దాటాలి, దాని లోపల కేంద్రకంలోకి దూరాలి. ఈగలకు మేం ఏనాడూ ఎంజైము తినిపించలేదు. జన్యువునే కణంలో పెడతాం. డబ్బాలో ఎంజైము బదులు ఏవో విటమిన్లే ఉన్నాయంటే అది ఇంకో మోసం, మామూలు విటమిన్ల ధర అది కాదు.

ఈగల్లో తేలింది కూడా తేలిగ్గా నమ్మేది కాదు. నా సొంత బొక్కబోర్లా పాటు ఒకటి చెప్తాను.

ఈగల్లో జన్యువును ఎక్కడ కావాలంటే అక్కడ పనిచేయించడానికి గాల్4-యూఏఎస్ అనే పద్ధతి ఉంది. 1993లో ఆండ్రియా బ్రాండ్, నార్బర్ట్ పెరిమాన్ తెచ్చారు. గాల్4 ఈస్ట్ నుంచి తెచ్చిన స్విచ్. అది న్యూరాన్‌లో ఉంటే, యూఏఎస్ అనే తోక తగిలించిన జన్యువు న్యూరాన్‌లోనే వెలుగుతుంది. నా పీహెచ్‌డీ మూడో ఏడు. ఈగ న్యూరాన్లలో ఒక విషపు ప్రోటీన్ పెట్టాను, ఈగలు ఎక్కలేకపోయాయి. దానికి తోడుగా ఒక రిపేర్ జన్యువు పెట్టాను, ఎక్కాయి! మూడు నెలల పని. రాత్రి పూట కూడా లేచి, పుట్టి ఎనిమిది గంటలు దాటకముందే ఆడ ఈగలను ఏరుకుని చేసిన సంకరాలు. గ్రాఫు గీసి గైడు దగ్గరికి ఉరికాను. ఆయన గ్రాఫు వైపు చూడనే లేదు. "జీఎఫ్‌పీ పెట్టి చూశావా?" అన్నాడు.

జీఎఫ్‌పీ అంటే పచ్చగా మెరవడం తప్ప ఏ పనీ తెలియని జెల్లీఫిష్ ప్రోటీన్. రిపేర్ జన్యువు బదులు దాన్ని పెట్టి చూశాను. ఆ ఈగలూ అంతే బాగా ఎక్కాయి. జరిగిందేంటంటే, స్విచ్ ఒకటే, ఇప్పుడు బల్బులు రెండు. ఉన్న గాల్4ను రెండు జన్యువులు పంచుకోవడంతో విషపు ప్రోటీనే తక్కువ తయారైంది. నా రిపేర్ ఎంజైము వెలగబెట్టింది ఏమీ లేదు. ఆ రోజు హాస్టల్లో అన్నం తినలేదు. ఆ తర్వాత ఎవరు "ఈగల్లో కాపాడింది" అని రాసినా నా కళ్లు ముందు ఆ కంట్రోల్, అంటే జీఎఫ్‌పీ లాంటిది పెట్టి పోల్చి చూసే ప్రయోగం, ఉందా లేదా అని వెతుకుతాయి. లేకపోతే ఆ కాగితం పక్కన పెట్టేస్తాను.

ఇంకో గొడవ వేడి. గాల్4 స్విచ్ 18 డిగ్రీల దగ్గర మందకొడిగా, 29 దగ్గర చురుగ్గా పనిచేస్తుంది. అంటే ఇంక్యుబేటర్ నాలుగు డిగ్రీలు అటూ ఇటూ అయితే మీ మందు మోతాదు మారిపోయినట్టే. మా నెల్లూరు ఎండల్లో ఇది ఆటలు కాదు. రోహిణి కార్తెలో ఒకసారి కరెంటు పోయి, ఇన్వర్టర్ చేతులెత్తేసి, సీసాలన్నీ తొట్టిలో తడి ఇసుక మీద పెట్టి పైన తడి గోనె కప్పి కాపాడాం. ఈగలు బతికాయి. కానీ రెండు వారాలు దాటినా సీసాల్లో ఒక్క పురుగూ పాకలేదు. ఒక స్టూడెంట్ "మేడమ్, ఈ మ్యూటెంట్‌కి సంతానం కలగదు" అని ప్రాజెక్టు రికార్డులో రాసేసింది కూడా. ముప్పై డిగ్రీలకు చేరితే మగ ఈగలు వంధ్యమవుతాయి, అంతే. 25లో పెట్టిన కొన్నాళ్లకు సీసా గోడలంతా పురుగులు. రికార్డులో ఆ పేజీ కొట్టేయించాను.

మా అమ్మకు ఈ యవ్వారం మొత్తం వింత. కాలేజీలో స్టవ్ చెడిపోయిన రోజుల్లో మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్ట్, అగార్ ఇంట్లో ఉడికించి తీసుకుపోయేదాన్ని, బూజు పట్టకుండా వేసే ఘాటు ఆమ్లం అక్కడికి పోయాక కలిపేదాన్ని. గరిటె తిప్పుతుంటే గుమ్మంలో నిలబడి "ఏందమ్మే, ఈగలకి గూడా వండి పెడతా ఉండావా? మనుషులకి పెట్టేదానికే దిక్కులేదు" అనేది.

ఈగకూ మనకూ పోలికలు చెప్పాను, తేడాలూ చెప్పాలి. మనలో ఖాళీ నింపే పనిలో ముఖ్యమైన పాలిమరేజ్ బీటా ఈగకు లేనే లేదు, ఆ పని వేరేవాటితో నడిపిస్తుంది. మనకు లేనిది ఈగకు ఉంది: ఫోటోలయేజ్. అతినీలలోహిత కిరణాలు చేసిన దెబ్బను వెలుతురు శక్తితోనే విప్పేసే ఎంజైము. నోబెల్ వచ్చిన సాంజార్ మొదలుపెట్టింది దానితోనే. చర్మానికి రాసే కొన్ని క్రీముల్లో దాన్ని కలుపుతున్నారు, మీ బంధువుగారి డబ్బాకు పేరు అక్కడినుంచే వచ్చిందేమో. చర్మం మీద రాసేదానికీ మెదడుకూ సంబంధం లేదు. కాబట్టి ఈగలో తేలినది మనిషికి అచ్చుగుద్దినట్టు దిగదు. ఈగలో మొదలుపెట్టి, ఎలుకలు దాటి, మనుషుల్లో పరీక్షలు దాటాలి. ఇవాళ్టికి పార్కిన్సన్స్ ముదరడాన్ని ఆపుతుందని రుజువైన మందు ఏదీ లేదు, రిపేర్ ఎంజైముల దారిలో గానీ ఇంకో దారిలో గానీ. ఉన్నవన్నీ లక్షణాలను అదుపు చేసేవే. అవే చాలా విలువైనవి.

ఇక మీ నాన్నగారి విషయంలో, ఈగలు నేర్పినదాంట్లో ఇంటికి పనికొచ్చేది ఒకటుంది. ల్యాబులో ఈగ న్యూరాన్లకు ఆక్సిజన్ దెబ్బ కొట్టాలంటే మేం పంచదార నీళ్లలో కలిపి పెట్టేది పారాక్వాట్. మన పొలాల్లో గడ్డిమందు. దానితో ఎక్కువగా పనిచేసినవాళ్లలో పార్కిన్సన్స్ ఎక్కువగా కనిపించిందని మనుషుల మీద చేసిన కొన్ని అధ్యయనాలు చెప్తున్నాయి. ఈగల్లో డోపమైన్ కణాల మీద దాని దెబ్బ స్పష్టం. మీ ఇంట్లో గడ్డిమందు కొట్టే పని ఉంటే నాన్నగారిని ఆ పనికి దూరంగా ఉంచండి, డబ్బాలు ఇంట్లో పెట్టకండి. పొరపాటున మింగితే విరుగుడు లేదు దానికి. జువాలజీ చదివే పిల్లలు ఈ ప్రయోగం సొంతంగా చేస్తామని అడుగుతుంటారు, నేను చేయనివ్వను. వారం ఈగలకూ ఐదు వారాల ఈగలకూ ఎక్కే పరీక్ష పెట్టుకోండి, ముసలితనం చాలు తేడా చూపించడానికి.

ఇంకో జాగ్రత్త: దూలగొండి. పార్కిన్సన్స్ అని వినగానే ఎవరో ఒకరు దూలగొండి గింజల పొడి చెప్తారు. అందులో నిజంగానే లెవోడోపా ఉంది, డాక్టరు రాసిన మాత్రలో ఉండేదే. అందుకే ప్రమాదం. మాత్రతో పాటు పొడి కూడా వేస్తే మోతాదు ఎంతయిందో ఎవరికీ తెలియదు, ఒళ్లు అదుపు లేకుండా మెలికలు తిరగొచ్చు, బీపీ పడిపోవచ్చు. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. మాత్రకూ మాంసం, పప్పు ఎక్కువున్న భోజనానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో కూడా ఆయన్నే అడగండి, ప్రోటీన్ ఎక్కువైతే కొందరిలో ఆ మాత్ర సరిగా ఒంటబట్టదు. ఆ నాలుగున్నర వేలు ఫిజియోథెరపీకి పెట్టండి. రోజూ నడక, సాగదీత చేసేవాళ్లకు కదలిక మెరుగ్గా ఉంటుంది, దీనికి మనుషుల్లోనే ఆధారాలున్నాయి.

చివరి ప్రశ్న. అవును, అరటిపళ్ల మీద నుసుముల్లా ముసిరేవి చాలావరకు అవే, లేదా వాటి దగ్గరి చుట్టాలు. పసుపు గోధుమ రంగు ఒళ్లు, ఎర్రటి కళ్లు, మూడు మిల్లీమీటర్లకు మించవు. తోక చివర నల్లగా, గుండ్రంగా ఉంటే మగది, చారలతో మొన తేలి ఉంటే ఆడది. మన మామిడితోటల్లో కాయను పొడిచి లోపల గుడ్లు పెట్టే పండు ఈగ వేరే కుటుంబం, దానికి బుట్టలు కట్టి ఎర పెడతారే, అది. మీ ఇంట్లోవి పండు కుళ్లాక వచ్చి, ఆ కుళ్లు మీద పెరిగే ఈస్ట్ తిని పోతాయి. ఒక గాజు గ్లాసులో ముగ్గిన అరటిపండు ముక్క వేసి, పైన కాగితపు గరాటు పెట్టి వంటింట్లో వదిలేయండి, పొద్దున్నకల్లా పదో పాతికో పడతాయి. గరాటు తీసేసి గ్లాసు మూతి గుడ్డతో బిగించి కట్టి, బల్ల మీద మెల్లగా తట్టి చూడండి. అన్నీ కింద పడి, మళ్లీ ఎలా పైకెక్కుతాయో నాన్నగారికి కూడా చూపించండి.